నకలు వేరు, నకిలీ వేరు

సందేహం: మాస్టారూ, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. స్టార్ వార్స్ సినిమాలో వెలుగు కత్తి ఉంటుంది కదా, దాని పిడిని రెండు నెలలు కూర్చుని తయారుచేశాను. అల్యూమినియం గొట్టాన్ని ఆటోనగర్‌లో లేతు పట్టించాను. మిగతాదంతా ఇంట్లోనే చేశాను. అతుకులకు పుట్టీ పెట్టి, రుద్ది, రంగు వేసి, బ్యాటరీతో లైటు కూడా వెలిగేలా చేశాను. కాలేజీ ఫెస్ట్‌లో దాని ముందు ‘నా హస్తలాఘవంతో స్క్రాచ్ నుంచి చేసిన నకిలీ కత్తి’ అని చీటీ పెడితే, మా తెలుగు మేడమ్ చదివి ‘ఎక్కడ కొట్టేశావురా?’ అని నవ్వారు. నేను రాసినదాంట్లో తప్పేముంది? రెప్లికాను తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

సమాధానం: మీ మేడమ్ నవ్వారంటే నవ్వరూ మరి! ఆ చీటీ పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలా ఉంది.

ముందు హస్తలాఘవం సంగతి. లఘువు నుంచి లాఘవం వచ్చింది. అంటే తేలికదనం, చురుకు. పాత కావ్యాల్లో విలుకాడి నేర్పును ఈ మాటతోనే పొగిడేవారు. అప్పటికి అది మంచి మాటే. ఇప్పుడు పేపర్లో ‘గుమాస్తా హస్తలాఘవం’ అని హెడ్డింగ్ కనిపిస్తే డబ్బులు పోయాయని చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. చేతివాటానికీ ఇదే గతి పట్టింది. చేయి అనే మాటతో తెలుగులో జాగ్రత్తగా ఉండాలండీ. ‘చెయ్యి తిరిగిన పనివాడు’ అంటే మెప్పు, ‘చేయి చేసుకున్నాడు’ అంటే దెబ్బలాట. చేత్తో చేసింది కాబట్టి కైసేత అందామని ఆ మధ్య ఒకరు నాకు రాశారు. వినసొంపుగానే ఉంది కానీ కైసేత అంటే అలంకారం. మీకు కావలసిన మాట పనితనం.

ఇక నకిలీ. నకలు, నకిలీ రెండూ ఒకే అరబ్బీ ధాతువు నుంచి పుట్టి, పారసీ, ఉర్దూల మీదుగా మన కచేరీల్లోకి వచ్చాయి. ఒకే తల్లి పిల్లలైనా తెలుగులో దారులు వేరయ్యాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజు నకలు తీసుకుంటాం, దానికి విలువుంది. నకిలీ దస్తావేజు పుట్టిస్తే జైలుకు పోతాం. గుంటూరు జిల్లా మిరప రైతును అడగండి, నకిలీ అంటే ఏమిటో మీకు బాగా చెబుతాడు. ఏ నకిలీ విత్తనాల సంచి మీదా ‘నకిలీ’ అని అచ్చు వేసి ఉండదు. అసలుదని నమ్మించి అంటగట్టేది నకిలీ. మీరు ఫలానాదాన్ని చూసి చేశానని చీటీ పెట్టి మరీ చెబుతున్నారు. ఇక అది నకిలీ ఎలా అవుతుంది?

అయితే నకలు అనేద్దామా? అనవచ్చు, తప్పు కాదు. కానీ ఆ మాట ఇప్పటికీ కాగితం వాసనే వేస్తుంది. నమూనా అంటే మచ్చు, ముందు చేసి చూపేది. రాకెట్టును చిన్నదిగా చేస్తే నమూనా అంటున్నాం, బాగానే ఉంది. ఉన్నదాన్ని చూసి అంతే కొలతలతో చేసినదానికి ఆ మాట చాలదు. నా ఓటు ప్రతికృతికి. అమరకోశం దీన్ని ప్రతిమ, ప్రతిబింబం పక్కన కూర్చోబెట్టింది. పాణిని ఐదో అధ్యాయంలో ‘ఇవే ప్రతికృతౌ’ (5.3.96) అని దీనికోసం ఒక సూత్రమే చెప్పాడు. గుర్రంలా చేసిన బొమ్మను అశ్వం అనకుండా, ‘క’ చేర్చి ‘అశ్వక’ అనమన్నాడు. పోలికను ఒప్పుకుంటూనే అసలుది కాదని ఒక్క అక్షరంతో తేల్చేశాడు.

మీ విషయంలో ఇంకో తమాషా ఉంది. మీరు చూసి చేసిన అసలు మాత్రం అసలుదా? 1977లో వచ్చిన మొదటి సినిమాకు సెట్ల పని చూసిన రోజర్ క్రిస్టియన్, లండన్‌లో ఒక కెమెరా కొట్లో గ్రాఫ్లెక్స్ కంపెనీ పాత ఫ్లాష్ లైటు పిడి కనిపిస్తే, దానికి రబ్బరు పట్టీలు అతికించి కత్తిపిడి చేశారు. అంటే అది వేషం కట్టిన వస్తువు. మన నాటకాల అట్టకత్తికి తోబుట్టువు. వేషం కట్టిన వస్తువులకు భరతుడు నాట్యశాస్త్రంలో పుస్తం అని పేరుపెట్టి, మూడు రకాలు చెప్పాడు. అతికి చేసేది సంధిమం, యంత్రంతో పనిచేసేది వ్యాజిమం, బట్ట చుట్టి చేసేది వేష్టిమం. రోజర్ క్రిస్టియన్‌గారిది సంధిమం. మీరు బ్యాటరీ పెట్టి వెలిగించారు కాబట్టి మీది వ్యాజిమం కూడా! ఇవాళ పుస్తం అంటే పుస్తెలనుకుంటారు కాబట్టి ఆ మాటను వాడమని చెప్పను. సినిమావాళ్లు ప్రాపర్టీ అంటారు, అదే అననివ్వండి.

స్క్రాచ్ అంటే పందెంలో పరుగు మొదలుపెట్టడానికి నేల మీద గీసే గీత. మనం ‘గీత నుంచి చేశాను’ అంటే ఎవరికీ ఎక్కదు. ‘రెడీమేడ్ భాగం ఒక్కటీ కొనకుండా’ అని విడమరిచి చెప్పడమే తెలుగు పద్ధతి. అలాగని ‘అంతా చేత్తోనే’ అని మాత్రం రాయకండి, లేతు పని ఆటోనగర్ టర్నర్‌ది. లేతుకు తరిమెన అనే చక్కటి పాత మాట బ్రౌణ్య నిఘంటువులో ఉంది. ఆటోనగర్ వెళ్లి తరిమెన అంటే మాత్రం మీ మొహం కేసి చూస్తారు.

పుట్టీకి మాట మీ ఊరి పక్కనే ఉంది. కొండపల్లిలో బొమ్మ చేసేవాళ్లు తెల్లపొణికి చెక్కతో మొండెం, చేతులు, తల వేరువేరుగా చెక్కి అతుకుతారు. ఆ అతుకు మీద చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద మెత్తుతారు. దాన్ని మక్కు అంటారు. ఒకసారి అక్కడ ఒక పెద్దాయన దశావతారాల బొమ్మకు భుజం అతుకుతుంటే పక్కనే కూర్చుని చూశాను. బొటనవేలితో మక్కు నొక్కి, అదే వేలితో అంచు చెరిపేశాడు. చెయ్యి ఎక్కడ మొదలైందో మళ్లీ నాకు కనబడలేదు. మీరు గొట్టం మీద పుట్టీతో చేసిందీ ఆ పనే. వాడేది కొత్త సరుకైనా మక్కు పెట్టాననండి, ఏం ఫరవాలేదు.

చీటీ ఇలా మార్చండి: ‘వెలుగు కత్తి పిడి – ప్రతికృతి. రెడీమేడ్ భాగాలేవీ కొనకుండా చేసినది. లేతు పని: ఆటోనగర్. మిగతా పనితనం నాది.’ కత్తి అని ఊరుకోకుండా పిడి అని రాయడం మరిచిపోకండి, మీరు చేసింది పిడే కదా.