గేమ్ డిజైన్‌లో అధ్యాపక వృత్తి: ముందుగా తేల్చుకోవలసింది ఏ విభాగమన్నదే

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. చిన్న చిన్న వీడియో గేమ్‌లు సొంతంగా తయారుచేస్తుంది. కంపెనీలో ఉద్యోగం వద్దని, విశ్వవిద్యాలయంలో గేమ్ డిజైన్ బోధిస్తూ పరిశోధన చేస్తానని అంటోంది. అలాంటి వృత్తి నిజంగా ఉందా? ఉంటే ఏం చదవాలి? ముందు కొన్నేళ్లు కంపెనీలో పనిచేస్తే మంచిదా?

జవాబు: ఆ వృత్తి ఉంది, కొత్తదేమీ కాదు. స్కాట్లాండ్‌లోని ఆబర్టే విశ్వవిద్యాలయం 1997లోనే కంప్యూటర్ గేమ్‌లకు ప్రత్యేకంగా డిగ్రీ కోర్సు ప్రారంభించింది. 2001లో 'గేమ్ స్టడీస్' అనే పరిశోధన పత్రిక మొదలైంది. 2003లో ఈ రంగంలోని పరిశోధకులందరికీ 'డిగ్రా' అనే అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. కోపెన్‌హేగన్ ఐటీ విశ్వవిద్యాలయం, ఫిన్లాండ్‌లోని టాంపెరే, మాల్టా విశ్వవిద్యాలయం, అమెరికాలో జార్జియా టెక్, శాంటాక్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వంటి చోట్ల గేమ్‌లనే అంశంగా తీసుకొని పీహెచ్‌డీ చేసినవారు, చేస్తున్నవారు ఉన్నారు.

అయితే మీ అమ్మాయి ముందుగా ఒక విషయం గ్రహించాలి. గేమ్‌లపై పరిశోధన ఒకే గూటిలో జరగదు. ఉదాహరణకు, 'ఓడిపోయిన ఆటగాడు మళ్లీ ఎందుకు ప్రయత్నిస్తాడు?' అన్న ప్రశ్న తీసుకోండి. కంప్యూటర్ సైన్స్ పరిశోధకురాలైతే ఆటగాడి నైపుణ్యాన్ని అంచనా వేసి ఆట కష్టాన్ని దానంతటదే తగ్గించే, పెంచే ప్రోగ్రాం రాస్తుంది. మానవులకు, కంప్యూటర్లకు మధ్య వ్యవహారాన్ని అధ్యయనం చేసే శాఖవారు ఒకే ఆటకు రెండు రూపాలు తయారుచేసి, కొందరితో ఆడించి, ప్రశ్నావళితోనూ పరిశీలనతోనూ తేడాను కొలుస్తారు. మీడియా అధ్యయన విభాగంలోనివారు ఓటమికి ఆటల సంస్కృతిలో ఉన్న అర్థాన్ని చర్చిస్తారు. విద్యాశాస్త్రం వారికి అదే ప్రశ్న పిల్లల అభ్యసనకు సంబంధించినది అవుతుంది. డిజైన్ విభాగంలో మాత్రం జవాబు వ్యాసంగా కాక ఒక కొత్త ఆటగా రావచ్చు.

ఇది ఎందుకింత వివరంగా చెబుతున్నానంటే, ఉద్యోగాలిచ్చేది ఈ విభాగాలే. పేరులోనే గేమ్ ఉన్న విభాగాలు కొన్నిచోట్లే ఉన్నాయి; చాలా విశ్వవిద్యాలయాల్లో గేమ్ డిజైన్ బోధించే అధ్యాపకులు కంప్యూటర్ సైన్స్, డిజైన్, మీడియా శాఖల్లో ఒకదానికి చెందినవారై ఉంటారు. ఎంపిక సంఘం అభ్యర్థిని తన శాఖ కొలమానంతోనే తూస్తుంది. కంప్యూటర్ సైన్స్ వారు ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘమైన ఐఈఈఈ నడిపే గేమ్స్ సదస్సులోనో, ఆటగాళ్లకు, కంప్యూటర్ ఆటలకు మధ్య వ్యవహారంపై 2014 నుంచి జరుగుతున్న కై ప్లే (CHI PLAY) సదస్సులోనో వచ్చిన పత్రాలను చూస్తారు. మానవీయ శాస్త్రాలవారు పత్రికల్లో వచ్చిన సుదీర్ఘ వ్యాసాలకు, పుస్తకానికి విలువనిస్తారు. అన్ని శాఖల నుంచీ కొంచెం కొంచెం నేర్చుకొని, ఏ శాఖలోనూ పూర్తిగా ఇమడని పీహెచ్‌డీ చదవడానికి ఎంత ఆసక్తికరంగా ఉన్నా దరఖాస్తుల దగ్గర ఇబ్బంది పెడుతుంది. కాబట్టి మీ అమ్మాయి అంశంగా గేమ్‌ను ఎంచుకోవచ్చు గానీ, తన పద్ధతికి ఒక సొంత శాఖ ఉండాలి. కంప్యూటర్ సైన్స్ పునాది ఉన్నందున కృత్రిమ మేధ, ఆటలోని లోకాలను, దశలను ప్రోగ్రామే సృష్టించే విధానాలు, ఆటగాడి అనుభవంపై ప్రయోగాలు తనకు దగ్గరి దారులు.

ఇక డిగ్రీల విషయం. అమెరికాలో డిజైన్, కళల విభాగాల్లో ఎంఎఫ్ఏను (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అత్యున్నత పట్టాగా పరిగణించి, దానితోనే అధ్యాపక పదవికి అర్హత ఇవ్వడం రివాజు. ఆ పట్టాలో సిద్ధాంత గ్రంథం స్థానాన్ని చాలావరకు ఒక పూర్తి ఆట తీసుకుంటుంది. 2006లో వచ్చిన 'ఫ్లో' అనే ఆట దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జెనోవా చెన్ ఎంఎఫ్ఏ పరిశోధనలో భాగంగా రూపొందినదే. కష్టాన్ని ఆటగాడే తనకు తెలియకుండా సర్దుకునేలా చేయడం దానిలోని పరిశోధన. అయితే ఈ పట్టాకు అన్ని దేశాల్లోనూ అదే విలువ లేదు. పలుచోట్ల శాశ్వత పదవికి పీహెచ్‌డీ తప్పనిసరి. పీహెచ్‌డీ చేస్తే ఆటలు తయారుచేయడం మానుకోవాలన్న భయం కూడా అక్కర్లేదు. మైఖేల్ మటియాస్ కార్నెగీ మెలన్‌లో చేసిన డాక్టరేట్ పరిశోధన ఆండ్రూ స్టెర్న్‌తో కలిసి నిర్మించిన 'ఫసాడ్' అనే ఆట చుట్టూ సాగింది. ఆటగాడు టైప్ చేసే మాటలకు గొడవపడుతున్న భార్యాభర్తల పాత్రలు స్పందించే ఆ ఆట 2005లో విడుదలైంది. ఆట పనిచేసి తీరాలి, దాని వెనుక కృత్రిమ మేధకు కొత్త విధానం ఉండాలి. రెండూ కుదిరాయి కనుకే అది పరిశోధనగా నిలిచింది.

కంపెనీ అనుభవం గురించి అడిగారు. డిజైన్ బోధించదలచినవారికి రెండు మూడేళ్లు పనిచేసిన అనుభవం నిజంగా ఉపయోగపడుతుంది. ఒక ఆటను విడుదల దాకా తీసుకెళ్లడంలో తప్పని భాగాల తొలగింపులు, గడువులు, బృందంలోని తగాదాలు తెలిసిన అధ్యాపకురాలి మాటకు విద్యార్థులు ఇచ్చే గౌరవం వేరు. కానీ గోప్యతా ఒప్పందాల వల్ల అక్కడ చేసిన పనిని బయట చూపించే వీలు చాలాసార్లు ఉండదు. పత్రాలు రాసే తీరికా దొరకదు. పరిశోధన వైపే మొగ్గు ఉంటే నేరుగా పీహెచ్‌డీకి వెళ్లి, మధ్యలో వేసవి ఇంటర్న్‌షిప్‌లతో ఆ లోటు తీర్చుకోవడం మేలని నా అభిప్రాయం. 2023, 2024 సంవత్సరాల్లో గేమ్ పరిశ్రమలో వేల ఉద్యోగాలు పోయిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అనుభవజ్ఞులు బోధన వైపు చూడడం సహజం కాబట్టి, పట్టా ఒక్కటే చాలుననుకోకూడదు.

రోజువారీ పని ఎలా ఉంటుందో కూడా మీ అమ్మాయికి ముందే తెలియడం మంచిది. గేమ్ డిజైన్ తరగతిలో ఉపన్యాసం కొద్దిసేపే. ఎక్కువ సమయం విద్యార్థులు కాగితంపైనో, యూనిటీ, గోడో వంటి ఇంజిన్లలోనో (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు) చేసిన నమూనాలను ఆడి, ఇతరులు ఆడుతుంటే గమనించి, ఎక్కడ తికమకపడ్డారో చెప్పడానికే పోతుంది. నలుగురు కలిసి చేసిన ఆటకు నలుగురికీ న్యాయంగా మార్కులు వేయడం నిజంగా కష్టమైన పని. ఇంజిన్ల కొత్త కూర్పులు వచ్చినప్పుడల్లా పాఠాలు తిరగరాయాలి. పరిశోధన కోసం మనుషులతో ఆడించాలంటే నైతిక సమీక్ష సంఘం అనుమతి తీసుకోవాలి. పిల్లలతోనైతే తల్లిదండ్రుల సమ్మతి కూడా అవసరం. ఆటలాడడం ఇష్టం కాబట్టి ఈ వృత్తి నచ్చుతుందనుకునేవారు ఈ పేరాను రెండుసార్లు చదవాలి.

ఈ సంవత్సరం చేయవలసింది పెద్ద పట్టిక కాదు. తయారుచేస్తున్న వాటిలో ఒక చిన్న ఆటను పూర్తిచేసి, పదిమందితో ఆడించి, ఏం మార్చిందో, ఎందుకు మార్చిందో నాలుగైదు పేజీల్లో రాయమనండి. తనకు నచ్చిన పరిశోధకులు ఇటీవల రాసిన పత్రాలు చదివి, వారికి ఈమెయిల్ పంపేటప్పుడు ఆ వ్యాసాన్ని, ఆడగలిగే లింకును జతచేస్తే, మార్కుల జాబితా కంటే అదే ఎక్కువ చెబుతుంది. చేరే ముందు, తను సృష్టించే ఆటపై హక్కులు తనకుంటాయా, విశ్వవిద్యాలయానికి పోతాయా అన్నది నిబంధనల్లో చూసుకోవాలి. ఫీజు మాఫీ, జీవనభృతి రెండూ లేని పీహెచ్‌డీ సీటు వస్తే మాత్రం, అది ఎంత పేరున్న చోటైనా సరే, అప్పు చేసి పంపవద్దు. మరో ఏడాది ఆగి మళ్లీ దరఖాస్తు చేయించండి.