సైకిల్ సందేహాలు: పనిముట్ల పెట్టె కొనాలా?

ప్రశ్న: మా అబ్బాయికి ఏడు గేర్ల సైకిల్ కొన్నాం. చిన్న చిన్న రిపేర్లు ఇంట్లోనే చేసుకుందామని ఆన్‌లైన్‌లో చూస్తే 40 పనిముట్లున్న పెట్టె కనిపించింది. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వద్దండీ. అందులో సగం మీ సైకిల్‌కు పనికిరావు. ఆ డబ్బుతో ముందు మీటర్ ఉన్న నిలువు పంపు కొనండి. బొటనవేలితో నొక్కి చూస్తే గాలి సంగతి సరిగ్గా తెలియదు. ఎంత పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. గాలి తగ్గిన టైరు గుంతలో పడితే ట్యూబు రిమ్ముకు నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ముల్లేమీ దొరక్కుండా పంచర్ అయిందంటే చాలాసార్లు కారణం ఇదే. పంపు మూతి మీ వాల్వ్‌కు పడుతుందో లేదో కొనేముందు చూసుకోండి.

తర్వాత అలెన్ కీలు. హ్యాండిల్, సీటు, బ్రేకుల దగ్గర ఆరు పలకల గుంట ఉన్న బోల్టులకు ఇవే కావాలి. 4, 5, 6 మి.మీ. కీలతోనే చాలా పని అయిపోతుంది. చవక రకం కీల అంచులు అరిగి బోల్టు గుంటను గుండ్రంగా చేసేస్తాయి, ఆపైన ఆ బోల్టుకు డ్రిల్లు పెట్టాల్సిందే. కాబట్టి ఇక్కడ పిసినారితనం వద్దు.

ఇలాంటి సైకిళ్లలో చాలావాటికి వెనక చక్రం నట్టు, పెడల్ రెండూ 15 మి.మీ. పానాకే వస్తాయి. ముందు చక్రం నట్టు కొలిచి కొనండి. పెడల్ దగ్గర సందు ఇరుకు, అందుకని పానా మొహం పలచగా ఉండాలి. అన్నిటికీ ఒకటే అని స్క్రూ తిప్పి సైజు మార్చుకునే పానా కొంటే దాని దవడ వదులై నట్టు మూలలు తినేస్తుంది. గేర్లు సర్దడానికి 2 నంబరు ప్లస్ స్క్రూడ్రైవర్ ఒకటి చాలు.

చైన్ అరుగుదల చూడటానికి వేరే పరికరం అక్కర్లేదు, స్టీలు స్కేలు సరిపోతుంది. కొత్త చైన్‌లో ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని లెక్కపెట్టకుండా, ఆ తర్వాతి 24వ పిన్ను మధ్యకు సరిగ్గా 12 అంగుళాలు. అది అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు దాకా ఆగితే ఫ్రీవీల్ (వెనక చక్రానికున్న పళ్లచక్రాలు) పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి, కొత్త చైన్ వాటి మీద జారుతుంది. నూనె చైన్‌కని అమ్మేదే వాడండి. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగురై దుమ్ము పట్టేస్తుంది.

ప్రశ్న: నేనే ప్యాచ్ వేస్తే రెండు రోజులకే ఊడొస్తోంది. సొల్యూషన్ మార్చాలా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: తొందరపడి అతికిస్తున్నారేమో చూడండి. చిల్లు చుట్టూ, ప్యాచ్ కన్నా కాస్త ఎక్కువ మేర, ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా రుద్దండి. ట్యూబు మీద అచ్చు గీత అడ్డొస్తే దాన్నీ సమం చేయాలి, లేకపోతే గాలి ఆ గీత వెంటే బయటికొస్తుంది. సొల్యూషన్ పలచగా పూసి 5 నిమిషాలు వదిలేయండి. వేలికి తడి అంటనప్పుడే ప్యాచ్ పెట్టి, మధ్య నుంచి అంచులకు గట్టిగా నొక్కాలి. తడిమీద పెడితే ద్రావకం లోపలే చిక్కుకుని అతుకు మెత్తగా ఉండిపోతుంది.

ట్యూబు ఎక్కించేముందు టైరు లోపల గుడ్డతో తుడవండి. తుమ్మముల్లు మొన మిగిలితే గుడ్డకు తగులుకుంటుంది, వేలికి గుచ్చుకోదు. టైరు విప్పడానికి ప్లాస్టిక్ లివర్లు వాడండి. స్క్రూడ్రైవర్‌తో తీస్తే కొత్త చిల్లు మీరే పెట్టినట్టు.

ప్రశ్న: ఎడమ పెడల్ ఎంత బలంగా తిప్పినా ఊడటం లేదు.
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ఇంకా బిగిస్తున్నారన్నమాట. ఎడమ పెడల్‌ది తిరగమర. విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. కుడిది మామూలే. మళ్లీ ఎక్కించేటప్పుడు మరకు గ్రీజు రాసి, మొదటి నాలుగు చుట్లు చేత్తోనే తిప్పండి. వంకరగా ఎక్కితే అల్యూమినియం క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) మర చెడిపోతుంది, క్రాంకే మార్చుకోవాల్సి రావచ్చు.