చేతిలో 14 లక్షలున్నాయి, ప్రీలాంచ్‌లో పెట్టేయమంటారా?

ప్రశ్న: మాది సిద్దిపేట. ఇద్దరం ప్రైవేట్ స్కూల్ టీచర్లం. చిట్టీ ఎత్తిన డబ్బులు, ఎఫ్‌డీ కలిపి 14 లక్షలు చేరాయి. తోటి టీచర్ వాళ్ల తమ్ముడు షాద్‌నగర్ వైపు వెంచర్ ఉంది, ప్రీలాంచ్ రేటు గజం 9 వేలు, మొత్తం ఒకేసారి కట్టాలి, పర్మిషన్ వచ్చాక 15 వేలవుతుందంటున్నాడు. మా ఆయన ఆగుదామంటాడు. నాకేమో ఇది కూడా వదిలేస్తే ఇక జన్మలో కొనలేమని భయం.

జవాబు: అమ్మా, ఈసారికి మీ ఆయన మాటే వినండి. ఆగడమంటే మానుకోమని కాదు.

ప్రీలాంచ్ అంటే ఇంకా రెరా నంబర్, అంటే వెంచర్లు, అపార్ట్‌మెంట్ల అమ్మకాల మీద కన్నేసి ఉంచే ప్రభుత్వ సంస్థ ఇచ్చే రిజిస్ట్రేషన్, రాలేదనే అర్థం. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో 600 గజాలకి అటూఇటూ, దాటిన వెంచర్‌కి రిజిస్ట్రేషన్ లేకుండా యాడ్ వెయ్యకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, నంబర్ వచ్చాక కూడా అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చెయ్యకుండా 10 శాతం మించి అడగకూడదు, ఈయనేమో మొత్తం ముందే కట్టమంటున్నాడు. ఆ తమ్ముడు చెడ్డోడని అనట్లేదు. అతని కమీషన్ ఇప్పుడొస్తుంది, మీ ప్లాట్ ఎప్పుడొస్తుందో మరి.

ఇంకోటి, లెక్కేశారా? 150 గజాలకే 13 లక్షల 50 వేలు. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి ఏడున్నర శాతం, కొన్న రేటుకే డాక్యుమెంట్ రాయిస్తే ఇంకో లక్ష. రిజిస్ట్రేషన్ రోజుకే అప్పు చెయ్యాల్సొస్తుంది.

నేనూ ఒకప్పుడు ఇట్లాగే ఏసీ కారెక్కి, దారిలో వాళ్లు పెట్టిన బిర్యానీ తిని, ఆర్చి గేటు, రంగు జెండాలు చూసి మురిసిపోయి అడ్వాన్స్ ఇచ్చొచ్చా. రెండేళ్లకి వెళ్తే నా నంబర్ రాయి ఉన్నచోట మక్కజొన్న, నడుం దాకా. వాళ్లు రైతుకి బయానా మాత్రం ఇచ్చి ఊరుకున్నారంట, భూమి ఇంకా ఆయనదే. మంచినీళ్లిచ్చి "ఈ నెలల మీరు ఏడో మనిషి సారూ" అన్నాడు. ఆ బిర్యానీ ఎంత పడిందో ఇప్పటికీ మా ఇంట్లో లెక్క చెప్తుంటారు.

మీరైతే లక్షన్నర ఖర్చులకి పక్కన పెట్టి, మిగతాదాంతో సిద్దిపేట చుట్టుపక్కలే, రోడ్లు పడి నాలుగిళ్లు లేచిన లేఅవుట్‌లో రీసేల్ ప్లాట్ వెతకండి, గజం వెయ్యి ఎక్కువైనా సరే, గజాలు తగ్గినా సరే. సర్వే నంబర్ మీద 30 ఏళ్ల ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల చిట్టా, తీయించండి, భూమి ఎవరి నుంచి ఎవరికి మారిందో చెప్పే పాత లింక్ డాక్యుమెంట్లు అడగండి, రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఆ నంబర్ ఉందేమో చూడండి. లేఅవుట్ కాపీలో మార్ట్‌గేజ్, అంటే అనుమతిచ్చిన ఆఫీసుకి తాకట్టు, అని గుర్తుపెట్టిన ప్లాట్లుంటాయి, పనులు పూర్తయ్యేదాకా అవి అమ్మడానికి లేదు, మీకు చూపించింది వాటిలోది కాకూడదు. కాయితాలన్నీ ఒకసారి మీ ఊరి వకీలుకి చూపించండి, ఆ ఫీజు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. వాన పడ్డ మర్నాడు స్థలానికెళ్లండి, నీళ్లెక్కడ నిలుస్తాయో బ్రోచర్‌లో ఉండదు.

ఆ తమ్ముడితో గొడవేం వద్దు, రెరా నంబర్ వాట్సాప్ చెయ్యమనండి. "వచ్చే నెల వస్తదక్కా" అంటే, సరే వచ్చే నెలే మాట్లాడుకుందాం అనండి.