ఆడవాళ్లు వే ప్రోటీన్ పౌడర్ తీసుకోవచ్చా?

ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లు నిరభ్యంతరంగా తీసుకోవచ్చు, కానీ తిండిలో తగ్గినంత మేరకే. పాలు విరిచి చీజ్ తీశాక మిగిలే పల్చటి తేటను వడగట్టి, ఆరబెట్టి చేసే పొడి ఇది, మందేం కాదు. పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క. అంటే 55 కిలోలున్న ఆవిడకి దాదాపు 46 గ్రాములు. అన్నం, పప్పు, పెరుగుతో 35 వచ్చిందనుకోండి, మిగతాదానికి అర స్కూపు (డబ్బాతో వచ్చే కొలత చెంచా) చాలు. నిండు స్కూపులో సాధారణంగా 20-25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. బదులుగా రెండు గుడ్లు తిన్నా సరిపోతుంది, పైగా చవక.

పౌడర్ తాగితే మగవాళ్లలా కండలొస్తాయన్నది ఒట్టి భయం. ఇది స్టెరాయిడ్ కాదు; ఆడవాళ్లలో కండలు పెంచే టెస్టోస్టెరాన్ హార్మోన్ కూడా చాలా తక్కువ. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు.