కారులో బేస్ పెంచే అబ్బాయికి ఏ బ్రాంచి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. ఈఏపీసెట్‌లో ఓ మాదిరి ర్యాంకు వచ్చింది. సీఎస్ఈ–ఏఐలో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడాం, అడ్వాన్సు కట్టమని తొందరపెడుతున్నారు. వాడు మాత్రం ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) చేస్తానంటాడు, లేదంటే కార్ల ఆడియో పని నేర్చుకుంటానంటాడు. ఏడాదిగా మా కారే వాడి ప్రయోగశాల. తలుపుల అట్టలు ఊడదీసి లోపల నల్లటి షీట్లు అంటించాడు. సీటు కింద సబ్‌వూఫర్ అనే బేస్ స్పీకరు పెట్టాడు. బ్యాటరీ నుంచి లావుపాటి తీగ లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు బిగించాడు. కంపెనీ ఇచ్చిన స్టీరియో మాత్రం మార్చనివ్వడు. ‘మీవాడు కారు డెకార్ షాపు పెడతాడా?’ అని బంధువులు అడుగుతుంటే తల కొట్టేసినట్టుంది. ఈ మూడు దారులను పోల్చి ఏది మంచిదో చెప్పండి. – ఒక తండ్రి, తెనాలి

జవాబు: పోలిక అడిగారు, చెబుతాను. అంతకంటే ముందు మీరు ఫిర్యాదుగా రాసిన నాలుగు వాక్యాలను మరోసారి చదవండి. నాకు అందులో బాగా పనిచేసే బుర్ర కనిపించింది.

కారు తలుపు లోపలి రేకుకు పెద్ద పెద్ద రంధ్రాలుంటాయి. స్పీకరు కోను ముందుకు కదిలినప్పుడు ముందు వైపు గాలి నొక్కుకుంటుంది, వెనక వైపు పలచబడుతుంది. ఆ రెండూ రంధ్రాల గుండా కలిసిపోతే తక్కువ పౌనఃపున్యాల శబ్దం, అంటే బేస్, అక్కడికక్కడే రద్దవుతుంది. రంధ్రాలు మూసి, రేకు అదరకుండా షీట్లు అంటిస్తే ఉన్న స్పీకరే మరింత నిండుగా పలుకుతుంది. చాలామంది ఇది తెలియక నేరుగా పెద్ద డబ్బా కొని డిక్కీలో పడేస్తారు. మీవాడు తక్కువ ఖర్చుతో అయ్యే పనిని ముందు చేశాడు. ఆ తరవాతే సబ్‌వూఫర్ దగ్గరికి వెళ్లాడు. అదీ అవసరమే. శబ్దం అంతే గట్టిగా వినిపిస్తూ పౌనఃపున్యం సగానికి దిగాలంటే కోను నాలుగు రెట్లు ఎక్కువ కదలాలి. తలుపులోని ఆరున్నర అంగుళాల స్పీకరు 40 హెర్ట్జ్ దగ్గర అంత కదలలేదు.

ఫ్యూజు సంగతి నాకు ఇంకా నచ్చింది. సబ్‌వూఫర్‌ను నడిపే 500 వాట్ల యాంప్లిఫయరు పూర్తిగా పనిచేస్తే 12 వోల్టుల వ్యవస్థ నుంచి 40 ఆంపియర్లకు పైనే లాగుతుంది. ఆ తీగ ఎక్కడైనా ఒరిసి బాడీకి తగిలితే మంటలే. ఫ్యూజు యాంప్లిఫయరు దగ్గర పెడితే దానికి, బ్యాటరీకి మధ్య ఉన్న తీగకు రక్షణ ఉండదు. బ్యాటరీ పక్కనే ఎందుకు పెట్టావని మీరు ఒక్కసారైనా అడిగారా? అడిగి ఉంటే ఈ ఉత్తరం ఇలా ఉండేది కాదేమో.

స్టీరియో ఎందుకు మార్చడంటారా? ఇప్పటి కార్లలో ఆ తెర ఒక్క పాటలకే పరిమితం కాదు. వెనక కెమెరా, ఏసీ, వాహనం సెట్టింగులు చాలా మోడళ్లలో అందులోనే ఉంటాయి. పీకేస్తే అవన్నీ పోతాయి. అందుకే దాన్ని ఉంచి, స్పీకరు తీగల నుంచి సిగ్నల్ తీసుకుని, విడిగా యాంప్లిఫయరుకు ఇస్తారు. ఇక్కడో చిక్కుంది. చాలా కంపెనీ స్టీరియోలు వాల్యూమ్ పెంచేకొద్దీ బేస్‌ను తామే తగ్గిస్తాయి, చిన్న స్పీకర్లు చిరిగిపోకుండా. దాన్ని కొలిచి, తిరిగి సరిచేయడానికి డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్, అంటే సిగ్నల్‌ను లెక్కలతో సరిదిద్దే చిప్, కావాలి. కొన్ని కార్లలో ఆడియో తీగల మీద డిజిటల్ రూపంలోనే ప్రయాణిస్తుంది. అంటే స్క్రూడ్రైవరుతో నెట్టుకొచ్చే పని ఇప్పుడు సిగ్నల్ ప్రాసెసింగ్ తెలిసినవాడి చేతికి వెళుతోంది. ఈసీఈలో చెప్పేది సరిగ్గా ఆ పాఠమే.

ఇక ఏఐ గురించి. ఆ శాస్త్రం గొప్పది, దాని మీద నాకు అనుమానం లేదు. నా అనుమానమంతా ఆ పేరు బోర్డు మీద రాసి అమ్ముతున్న సీట్ల మీద. 2024–25 నుంచి బాగా నడుస్తున్న కళాశాలలకు బ్రాంచి సీట్ల గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యా నియంత్రణ సంస్థ ఏఐసీటీఈ ఎత్తేసింది. చాలా కళాశాలలు సీఎస్ఈ, దాని అనుబంధ బ్రాంచీలలోనే సీట్లు పెంచుకున్నాయి. సీట్లు ఒక్క ఉత్తర్వుతో పెరుగుతాయి, ఏఐకి పునాదైన లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ చక్కగా చెప్పగల అధ్యాపకులు అలా పెరగరు. మీరు మాట్లాడిన కళాశాలలో ఆ పాఠాలు ఎవరు చెబుతున్నారో కనుక్కున్నారా? మీ ఉత్తరంలో సీటు ఉంది, అడ్వాన్సు ఉంది, బంధువులున్నారు. బోధన గురించి ఒక్క ముక్క లేదు. ఇష్టం లేని బ్రాంచిలో కూర్చోబెట్టిన పిల్లలు రెండో ఏడాదికల్లా బ్యాక్‌లాగులతో నా ముందుకు వస్తూనే ఉన్నారు. వాళ్లలో తెలివితక్కువ వాళ్లు అరుదు. ఎవరి పరువు కోసమో చదువుతున్నవాళ్లే ఎక్కువ.

కటువుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. మిమ్మల్ని బాధపెడుతున్నది అబ్బాయి భవిష్యత్తు కంటే ‘డెకార్ షాపు’ అన్న మాట. ఆ మాట అన్నవాళ్లు రేపు ఫీజూ కట్టరు, వాడి బదులు పరీక్షా రాయరు. ఒక సమస్య పట్టుకుని ఏడాది పాటు వదలని కుర్రాడి గురించి తండ్రి తల దించుకోవాల్సిన పని లేదు.

ఉద్యోగాల భయం ఉంటే అదీ తీసేసుకోండి. మహీంద్రా ఎక్స్‌యూవీ700లో సోనీ, హ్యుందాయ్, కియా కార్లలో బోస్, టాటా కార్లలో జేబీఎల్ పేర్లు చూసే ఉంటారు. ఇలాంటి వ్యవస్థలను ఒక్కో కారు క్యాబిన్‌కు తగ్గట్టు శ్రుతి చేసే ఇంజినీర్లు ఉంటారు. జేబీఎల్ యజమాని హర్మన్‌కు బెంగళూరులో, హ్యుందాయ్‌కి హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. అందరికీ అక్కడే ఉద్యోగం వస్తుందని చెప్పను. కానీ ఈసీఈ చదివినవాడికి ఎంబెడెడ్ (యంత్రాల లోపల పనిచేసే చిన్న కంప్యూటర్లు), చిప్ డిజైన్, సాఫ్ట్‌వేర్ దారులు కూడా తెరిచే ఉంటాయి. కోడింగ్ మాత్రం మొదటి ఏడాది నుంచే నేర్చుకోవాలి. ఆడియో మీద ఏఐ పని చేయాలనిపించినా శబ్దాన్ని పౌనఃపున్యాలుగా విడగొట్టే ఫోరియర్ గణితం తెలిసినవాడికి అది అందుతుంది.

చదువు మానేసి నేరుగా షాపులో చేరడం నేను ఒప్పుకోను. ఆ పని తక్కువదని కాదు. షాపులో పని చేతికి వస్తుంది కానీ కొన్ని పౌనఃపున్యాలనే వదిలే ఫిల్టర్ అలా ఎందుకు ప్రవర్తిస్తుందో చెప్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. సెలవుల్లో వెళ్లనివ్వండి. చదువయ్యాక షాపే పెడతానంటే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

అబ్బాయికి రెండు మాటలు. బంధువుల కొత్త కార్ల జోలికి వెళ్లకు నాయనా. తీగ కోసి అతికిస్తే వారంటీ విషయంలో కంపెనీ పేచీ పెట్టవచ్చు, తీగ కోయకుండా కలిపే కప్లర్లు వాడు. ఎలక్ట్రిక్ కారులో నారింజ రంగు తీగలను ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకు, అవి ప్రాణాలు తీసే వోల్టేజీవి.

అడ్వాన్సు ఇంకా కట్టకపోతే ఆపండి. కన్వీనరు కోటాలో ఈసీఈ వచ్చే కళాశాలలు మూడు నాలుగు ఎంచుకుని, అబ్బాయినే వెంటబెట్టుకుని వెళ్లి ల్యాబులు చూడండి. సిగ్నల్ ఆకారాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోపులు పనిచేస్తున్నాయా, విద్యార్థుల చేతికి ఇస్తున్నారా అన్నది వాడినే అడగనివ్వండి. వెబ్ ఆప్షన్ల వరస ఆ తరవాత ఇద్దరూ కలిసి రాయండి.