కరెంటు కంపెనీ స్మార్ట్ థర్మోస్టాట్ ఊరికే ఇస్తానంటే తీసుకోవచ్చా?

మీరు అడిగినవి రెండు. టెక్సాస్‌లో డాలస్ దగ్గరి మెకిన్నీలో కొత్తగా ఇల్లు తీసుకున్నారు. కరెంటు కంపెనీ స్మార్ట్ థర్మోస్టాట్ (ఏసీ సెట్టింగుని ఇంటర్నెట్ ద్వారా మార్చగలిగే గోడ పరికరం) ఊరికే ఇచ్చి, ఏడాదికి కొంత బిల్లులో తగ్గిస్తానంటోంది. బదులుగా వేసవిలో కొన్ని సాయంత్రాలు ఏసీ సెట్టింగు తామే మార్చుకుంటామంటోంది. ఒప్పుకోవాలా అన్నది మొదటి ప్రశ్న. మన వాడకం తగ్గితే వాళ్ళకి నష్టం కదా, మరి ఎందుకిస్తున్నారు అన్నది రెండోది. రెండోదానికి జవాబు తెలిస్తే మొదటిది మీరే తేల్చుకోగలరు. అందుకని అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

నేను ప్లేనోలో ఉంటాను. ఇక్కడ కరెంటు అమ్మే ఒక కంపెనీకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే టీములో కొన్నేళ్ళు పనిచేశాను. బిల్లు పంపేవాళ్ళ లెక్కా తెలుసు, కట్టేవాళ్ళ బాధా తెలుసు.

టెక్సాస్‌లో చాలా ప్రాంతాల్లో 2002 నుంచి కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవచ్చు. మన వైపు స్తంభాలు, తీగలు, మీటర్లు ఎక్కువగా ఆన్‌కోర్ అనే కంపెనీవి. మీకు బిల్లు పంపేది వేరే కంపెనీ. అది కరెంటు తయారు చెయ్యక్కర్లేదు, తీగలు లాగక్కర్లేదు. హోల్‌సేల్‌లో కొని మనకి చిల్లరగా అమ్ముతుంది. (ఫ్రిస్కో, లిటిల్ ఎల్మ్‌లలో కొన్ని కాలనీలు కోసర్వ్ అనే సహకార సంఘం కిందికి వస్తాయి. డెంటన్‌లో నగరపాలక సంస్థే కరెంటు ఇస్తుంది. అక్కడ ఉన్నవాళ్ళకి ఈ ఎంపిక లేదు కాబట్టి కింద ప్లాన్ల గురించి చెప్పేది వర్తించదు.)

ఆ హోల్‌సేల్ ధర 15 నిమిషాలకోసారి మారుతుంది. మామూలు వేళల్లో యూనిట్ 2, 3 సెంట్లకే దొరుకుతుంది. ఆగస్టులో ఎండ మండిపోయి, గాలి పడిపోయి, పొద్దువాలి సోలార్ కూడా తగ్గిపోయే సాయంత్రం అదే యూనిట్ డాలరు దాటుతుంది. పరిస్థితి మరీ బిగిస్తే గరిష్ఠ పరిమితి 5 డాలర్ల దాకా పోతుంది. మీకు మాత్రం కంపెనీ ఎప్పుడైనా 14, 15 సెంట్లకే ఇస్తానని కాంట్రాక్టు రాసింది. ఏడాది పొడుగునా మూర ఒకే ధరకి ఇస్తానని మాటిచ్చిన పూలమ్మాయి పెళ్ళిళ్ళ సీజన్లో పడే ఇబ్బందే ఇది. ఎంత ఎక్కువ అమ్మితే అంత నష్టం. ముందుజాగ్రత్తగా కొంత కరెంటు ముందే కొని పెట్టుకుంటారు గానీ, ఎండ అంచనా దాటితే అది చాలదు. ఏడాది మొత్తంలో అలాంటి గంటలు కొన్నే. కానీ ఆ కొద్ది గంటలే కంపెనీ ఏడాది లాభాన్ని మింగేయగలవు.

ఇప్పుడు మీ ఇంటి వైపు చూడండి. 4 టన్నుల ఏసీ నడిచినంతసేపూ సుమారు 4 కిలోవాట్లు లాగుతుంది. 105 డిగ్రీల (ఫారెన్‌హీట్) ఎండలో సాయంత్రం దాకా అది దాదాపు ఆగకుండానే నడుస్తుంది. సెట్టింగు 76 నుంచి 80కి పెంచితే కాసేపు పూర్తిగా ఆగి, తర్వాత ఆగి ఆగి నడుస్తుంది. ఇంటికి సగటున ఒక కిలోవాట్ తగ్గిందనుకున్నా లక్ష ఇళ్ళు కలిస్తే 100 మెగావాట్లు. అంటే సాయంత్రాలు మాత్రమే నడిపే చిన్న గ్యాస్ ప్లాంటు ఒకటి కట్టకుండానే చేతికొచ్చినట్టు. మీకిచ్చే థర్మోస్టాట్ ఖరీదు, ఏడాదికి బిల్లులో ఇచ్చే తగ్గింపు (క్రెడిట్) దాని ముందు చాలా చిన్న మొత్తం. మీ వాడకం తగ్గించమని వాళ్ళు అడగట్లేదు, ఆ రెండు మూడు గంటల వాడకాన్ని పక్కకి జరపమంటున్నారు. మీరు అమ్ముతున్నది ఆ గంటల్ని. దానికి తగిన ధర వస్తోందా లేదా అని చూసుకోవాలి.

ఈ సాయంత్రాల కరువు ఊరికే చెప్పే మాట కాదు. టెక్సాస్ గ్రిడ్‌ని నడిపే ఎర్కాట్ 2023 ఆగస్టు 10న 85,508 మెగావాట్ల రికార్డు డిమాండ్ చూసింది. ఆ వేసవిలో సాయంత్రాలు కరెంటు పొదుపుగా వాడమని మన ఫోన్లకి పదేపదే సందేశాలొచ్చాయి. సెప్టెంబరు 6న పొద్దుగూకే వేళ గ్రిడ్‌కి రెండో స్థాయి అత్యవసర పరిస్థితి ప్రకటించారు. తర్వాత పెద్ద బ్యాటరీ కేంద్రాలు చాలా రావడంతో ఆ ఒత్తిడి కొంత తగ్గింది.

సరే, ఒప్పుకుంటే ఇంట్లో ఎలా ఉంటుంది? మా ఇంట్లో జరిగేది చెప్తాను. కంపెనీ ఇలా సెట్టింగు మార్చే సాయంత్రాన్ని ఈవెంట్ అంటారు. ఈవెంట్ ఉన్న రోజు ముందు థర్మోస్టాటే ఇంటిని రెండు మూడు డిగ్రీలు అదనంగా చల్లబరుస్తుంది. తర్వాత సెట్టింగు పైకి జరుగుతుంది. ఇంట్లో ఎవరూ లేకపోతే పట్టించుకోవలసిన పనే లేదు. మా అమ్మానాన్న వేసవికి వచ్చినప్పుడు మాత్రం కథ వేరు. మధ్యాహ్నం ఆ అదనపు చల్లదనం ఎక్కువై నాన్న శాలువా కప్పుకుని కూర్చునేవారు. సాయంత్రం అమ్మ స్టవ్ మీద పోపు వేసే వేళకి పైనుంచి గాలి ఆగిపోయేది. "ఏసీ చెడిపోయిందేమో చూడరా" అని ఆఫీసుకి ఫోను చేసేది. గోడ మీద డయల్‌ని ఎటు తిప్పితే ఈవెంట్ రద్దవుతుందో చూపించాక ఇంకెప్పుడూ ఫోను చెయ్యలేదు. మా ప్లాన్‌లో అలా రద్దు చేసుకుంటే జరిమానా లేదు. కొన్ని ప్లాన్లలో కొన్నిసార్ల కన్నా ఎక్కువ రద్దు చేస్తే ఏడాది క్రెడిట్ పోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు, పసిపిల్లలు ఉంటే పథకం షరతుల్లో మీరు చదవాల్సిన మొదటి వాక్యం ఇదే. 2021 జూన్‌లో హ్యూస్టన్ వైపు కొందరు సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే సెట్టింగు దానంతటదే పెరిగి ఉంది. ఏదో లక్కీ డ్రా కోసం ఎప్పుడో టిక్కు పెట్టిన పథకం అదని చాలామందికి గుర్తు కూడా లేదు. మీ ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ ముందే చెప్పి ఒప్పుకోండి.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది బిల్లు గురించి. థర్మోస్టాట్ కన్నా మీ ప్లాన్ పదింతలు ముఖ్యం. ప్లాన్ చూడకుండా స్మార్ట్ సామాను పెడితే వాడకం తగ్గి బిల్లు పెరగవచ్చు. మా బావమరిది ఇంట్లో అక్టోబరులో సరిగ్గా ఇదే జరిగింది. అతని ప్లాన్‌లో నెలకి 1000 యూనిట్లు చేరితే 100 డాలర్ల క్రెడిట్. లెక్క తేలిగ్గా ఉండటానికి యూనిట్ అన్నీ కలిపి 18 సెంట్లు అనుకోండి. 1000 యూనిట్లు వాడితే 180 డాలర్లలో 100 పోయి 80 కడతారు. 980 వాడితే క్రెడిట్ లేదు, 176 డాలర్ల 40 సెంట్లు కట్టాలి. 20 యూనిట్లు పొదుపు చేసినందుకు 96 డాలర్లు అదనం! థర్మోస్టాట్ యాప్ ఆ నెల "బాగా ఆదా చేశారు" అని అభినందనలు కూడా పంపింది.

ఇలాంటి ప్లాన్‌ని పట్టుకోవడం కష్టం కాదు. ప్రతి ప్లాన్‌కీ ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ అనే కాగితం ఉండి తీరాలని ఇక్కడి నియమం. అందులో 500, 1000, 2000 యూనిట్ల దగ్గర సగటు ధర వేస్తారు. పైన చెప్పిన ప్లాన్‌కి అవి 18, 8, 13 సెంట్లు. 1000 దగ్గర మాత్రమే ధర అలా గుంటలో పడినట్టు కనిపిస్తే అది వదిలెయ్యండి. రాష్ట్రం నడిపే పవర్ టు చూజ్ సైట్‌లో ప్లాన్లని 1000 యూనిట్ల ధర చూసి వరసపెట్టుకుంటాం కాబట్టి ఇవే ముందు కనిపిస్తాయి. మన ఇళ్ళలో హీటింగ్ గ్యాస్‌తో అయితే చలికాలం నెలలన్నీ 1000కి లోపే ఉంటాయి. మూడు చోట్లా దాదాపు ఒకే ధర ఉన్న ప్లాన్‌తోనే పొదుపు చేసిన ప్రతి యూనిట్‌కీ డబ్బు మిగులుతుంది.

"రాత్రిళ్ళు కరెంటు ఉచితం" ప్లాన్ల గురించి కూడా అడుగుతారని తెలుసు. వాటి పగటి రేటు మామూలు ప్లాన్ల కన్నా బాగా ఎక్కువ, మన ఏసీ ఎక్కువగా నడిచేది పగలే. ఎలక్ట్రిక్ కారు ఉండి రాత్రి ఇంట్లోనే ఛార్జ్ పెట్టేవాళ్ళకి కలిసొస్తుంది. మీకు కలిసొస్తుందో లేదో ఊహించక్కర్లేదు. ఆన్‌కోర్ 2012 నాటికే 30 లక్షలకు పైగా స్మార్ట్ మీటర్లు పెట్టింది. మీ మీటరు 15 నిమిషాలకోసారి నమోదు చేసే లెక్కంతా స్మార్ట్ మీటర్ టెక్సాస్ అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. బిల్లు మీద ఉండే ఈఎస్ఐ ఐడీ (మీ కనెక్షన్ నంబరు), మీటరు నంబరు కొట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు, ఎక్సెల్‌లోకి దించుకోవచ్చు. నేను ఏ ప్లాన్ మార్చాలన్నా ముందు మా పాత లెక్క దించి, పగలు రాత్రి వేరుచేసి, కొత్త రేటు వేసి చూస్తాను. అది మొదటిసారి చూసినప్పుడే మా ఇంట్లో అర్ధరాత్రి కూడా వాడకం ఒక స్థాయి కన్నా దిగట్లేదని గమనించాను. గరాజ్‌లో పాత ఫ్రిజ్ ఒకటి రాత్రంతా లాగుతోంది. దాన్ని తీసేస్తే వచ్చిన ఆదా ఏ యాపూ తీసుకురాలేదు.

మీటర్లు స్మార్ట్ కావడంతో తీగల కంపెనీకీ చాలా మారింది. రీడింగ్ తీసే మనుషుల్ని పంపనక్కర్లేదు. కరెంటు పోయినప్పుడు మీటరే ఆఖరి సంకేతం పంపుతుంది కాబట్టి ఏ వీధిలో పోయిందో ఫోను రాకముందే తెలుస్తుంది. కనెక్షన్ ఇవ్వడం, తీసెయ్యడం దూరం నుంచే అయిపోతాయి. ఇందులో నాకు మింగుడుపడనిది ఆ తీసెయ్యడమే. రిచర్డ్‌సన్‌లో అపార్ట్‌మెంట్లు పంచుకుని చదువుకునే మన పిల్లలు డిపాజిట్ కట్టలేక ప్రీపెయిడ్ ప్లాన్ తీసుకుంటారు. బ్యాలెన్స్ అయిపోతే ఎవరూ వచ్చి తలుపు కొట్టరు, కరెంటు ఆగిపోతుంది, అంతే. సోలార్, బ్యాటరీ ఉన్న ఇళ్ళవాళ్ళం మనం తీగల నుంచి తక్కువ యూనిట్లు తీసుకునే కొద్దీ ఆ తీగల ఖర్చు మిగిలిన యూనిట్ల మీద పడుతుంది. కట్టేది ఆ పిల్లలూ, అద్దెకుండేవాళ్ళూ. థర్మోస్టాట్ పథకాలు సొంత ఇళ్ళవాళ్ళతో ఆగిపోకుండా అపార్ట్‌మెంట్లకీ రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. వాళ్ళ ఏసీలు కూడా ఆ సాయంత్రాలే నడుస్తాయి కదా, ఆ క్రెడిట్ వాళ్ళకీ దక్కాలి.

ఇంకొక జాగ్రత్త. ధర ఎప్పటికప్పుడు ఫోన్లో చూపిస్తాం, చూసి వాడుకోండి అనే ప్లాన్ ఎక్కడ కనిపించినా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో 45 లక్షలకు పైగా ఇళ్ళకీ వ్యాపారాలకీ కరెంటు పోయింది. కరెంటు ఉన్నచోట హోల్‌సేల్ యూనిట్ ధర అప్పటి గరిష్ఠ పరిమితి 9 డాలర్ల దగ్గర రోజుల తరబడి నిలిచింది. హోల్‌సేల్ ధరకే కరెంటిచ్చిన గ్రిడీ కంపెనీ కస్టమర్లకి వేల డాలర్ల బిల్లులొచ్చాయి. యాప్ ధర చూపిస్తూనే ఉంది, కానీ గడ్డకట్టే చలిలో హీటర్ ఎవరు ఆపుతారు? ఆ ఏడాదే ఇళ్ళకి అలాంటి ప్లాన్లు అమ్మడాన్ని రాష్ట్ర చట్టసభ నిషేధించింది, ఆ కంపెనీ దివాలా తీసింది. పరిమితిని 5 డాలర్లకి దించింది కూడా ఆ తర్వాతే.

మన ఊళ్ళ వైపు కూడా దారి ఇటే. 2023లో కేంద్రం వినియోగదారుల నిబంధనలు మార్చి, స్మార్ట్ మీటర్ ఉన్న ఇళ్ళకి పగటి సోలార్ వేళల్లో ధర మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ, పీక్ వేళల్లో కనీసం 1.1 రెట్లు ఉండాలంది. అమలు రాష్ట్రాల టారిఫ్ మీద ఆధారపడి ఉంటుంది. ఆ రోజు వస్తే విజయవాడలో మా నాన్నకి కావాల్సింది ఖరీదైన థర్మోస్టాట్ కాదు. ట్యాంకు నింపే మోటారుకీ, గీజరుకీ ఒక టైమర్ చాలు.

మీ విషయానికొస్తే, నేనైతే ఒప్పుకుంటాను. ఈవెంట్ ఎప్పుడైనా రద్దు చేసుకునే వీలుండాలి, జరిమానా ఉండకూడదు, క్రెడిట్ ఎంతో డాలర్లలో రాసి ఉండాలి, ఆ థర్మోస్టాట్ కోసం మిమ్మల్ని రేటు ఎక్కువున్న రెండు మూడేళ్ళ కాంట్రాక్టులోకి దించకూడదు. ఈ చివరిదే చాలామంది చూడరు. యూనిట్‌కి 2 సెంట్లు ఎక్కువ పెట్టి ఏడాదికి 15,000 యూనిట్లు అమ్మితే 300 డాలర్లు, థర్మోస్టాట్ ఖరీదు అందులో ఎప్పుడో వచ్చేస్తుంది. ఇంట్లో మనుషులున్నారా లేదా అన్నది కూడా ఆ పరికరం గమనిస్తుంది కాబట్టి, ఆ వివరాలు ఎవరితో పంచుకుంటారో యాప్ సెట్టింగుల్లో చూసి అక్కర్లేనివి ఆపెయ్యండి.

ఇంకా, మీరు కొన్నది బిల్డర్ దగ్గర కాకుండా ఇంకొకరి నుంచి అయితే గోడ మీద ఇప్పటికే స్మార్ట్ థర్మోస్టాట్ ఉండి ఉండవచ్చు. అది పాత ఓనర్ అకౌంట్‌లోనే ఉంటుంది, వాళ్ళు చేరిన పథకంలోనూ ఉండవచ్చు. ముందు దాన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేసి మీ పేరు మీదకి మార్చుకోండి. ఆ మోడల్ మీ కంపెనీ జాబితాలో ఉంటే కొత్తది తీసుకోకుండానే చేరవచ్చు. కొన్ని కంపెనీలు సొంత థర్మోస్టాట్ తెచ్చుకున్నవాళ్ళకి ఎక్కువ క్రెడిట్ ఇస్తాయి, ఫోన్ చేసి అడగండి.