మీ అమ్మ గురించి రాసే ముందు

హనుమకొండ,
శ్రావణ మాసం.

చిరంజీవి అల్లునికి మీ పెద్దమామ ఆశీస్సులు.

వచ్చే మాఘమాసంలో మీ అమ్మ సంవత్సరీకం నాటికి ఒక చిన్న స్మృతి పుస్తకం అచ్చు వేయించాలనుకుంటున్నావనీ, అందులో ఏమి రాయాలో, ఎలా రాయాలో చెప్పమనీ అడిగావు. ఆమె నాకు చెల్లెలు, నేను ఎత్తుకొని తిప్పిన పిల్ల. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి కనుక, అన్నగానూ పంతులుగానూ నాకు తోచింది దాచకుండా రాస్తున్నాను.

ముందుగా నేను చేసిన తప్పు చెబుతాను. మీ అమ్మమ్మ పోయినప్పుడు దశదినకర్మ నాడు పంచడానికి నేనొక కరపత్రం రాశాను. మమతామూర్తి, త్యాగశీలి, సాక్షాత్తు అన్నపూర్ణ అంటూ రెండు పేజీలు నింపాను, చదివినవాళ్ళంతా బాగుందన్నారు. ఆరు నెలల తర్వాత నేనే తీసి చదువుకుంటే అందులో మా అమ్మ ఎక్కడా కనిపించలేదు. పేరొక్కటి మారిస్తే అది ఏ ఇంటి తల్లికైనా సరిపోతుంది. విసురురాయి ముందు కూర్చొని కందులు విసిరేటప్పుడు ఆమె పాడిన పాట రాసి పెట్టి ఉంటే ఇవాళ నీ పిల్లలకు ఆ పాట దక్కేది. ఇప్పుడు నాకు దాని మొదటి రెండు చరణాలే గుర్తున్నాయి.

బడిలో ఉన్నప్పుడు ఒకసారి పిల్లలను నల్లగొండ జిల్లా చందుపట్లకు తీసుకువెళ్ళాను. రాణి రుద్రమదేవి ఎప్పుడు మరణించిందో మనకు తెలియజేసింది అక్కడి శాసనమే. ఆమెకూ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకం ప్రాప్తించాలని పువ్వుల ముమ్మడి అనే భటుడు దేవుడికి భూమి ఇచ్చి, ఆ సంగతిని 1289 నవంబర్ 27 తేదీకి సరిపోయే తిథితో రాతిమీద చెక్కించాడు. ఎవరి కోసం, ఎవరు, ఏమి ఇచ్చారన్న మూడు మాటలు ఏడు వందల ఏళ్ళు దాటి మన దాకా వచ్చాయి. మన బయ్యారంలో గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన చెరువు గురించి కూడా శాసనం చెబుతోంది. ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టిన ఆ చెరువు కింద నేటికీ వరి పండుతోంది. నువ్వు రాయబోయే పుస్తకం కూడా ఆ తీరున ఉండాలని నా కోరిక. మీ అమ్మ దయగలదని రాయవద్దు. ఏ నాడు, ఏ చేత్తో, ఏ పాత్రతో ఎంత కొలిచి పెట్టిందో రాయి.

ఆమె వంటకు బియ్యం కొలిచే ఇత్తడి సోల నీకు తెలుసు కదా. పొద్దున పొయ్యి వెలిగించే ముందు సోలతో బియ్యం తీసి, అందులోంచి పిడికెడు మళ్ళీ తీసి, అటక కింద ఉన్న మట్టికుండలో వేసేది. ఇంట్లో నలుగురున్నా పది మంది చుట్టాలు దిగినా ఆ పిడికెడు తప్పలేదు. మీ నాన్న పని చేసిన మిల్లు మూతపడి, ఆమె మిషను మీద రవికలు కుట్టి ఇల్లు నడిపిన రోజుల్లో నేను ఒకసారి పండుగ సామాను తీసుకొని వస్తే, సోలలో బియ్యం సగానికే ఉన్నాయి, అప్పుడు కూడా పిడికెడు తీసింది. 'ఇవాళ వద్దులే చెల్లే' అన్నాను. 'ఇవి మనయి కావన్నా, మన దగ్గర ఉన్నయంతే' అని కుండ మూత పెట్టింది. నెలాఖరుకు ఆ కుండ ఎక్కడికి పోయేదో ఆమె ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా ఆమె పోయిన తర్వాతే తెలిసింది.

ఇక్కడ నిన్ను ఒక విషయంలో గట్టిగా హెచ్చరించాలి. ఆమె పెట్టినవాళ్ళ పేర్లు అచ్చులో వేయవద్దు. ఆమె కొంగుచాటున తీసుకుపోయి ఇచ్చినదాన్ని నువ్వు పుస్తకంలో పరిచిపెడితే, తీసుకున్నవాళ్ళ తల వంగుతుంది, ఆమె అన్నేళ్ళు కాపాడిన మర్యాద ఒక్కరోజులో పోతుంది. వస్తువు రాయి, రోజు రాయి, పేరు వదిలెయ్యి. వాళ్ళను కలిసి అడగడం మాత్రం మానవద్దు, అది కూడా ఈ భాద్రపద అమావాస్య, పెత్రామాస లోపే కావాలి, ఎందుకంటే ఆమె తోటివాళ్ళలో ఇద్దరు ఇప్పటికే మంచం పట్టారు. 'మా అమ్మ ఎట్లాంటిది' అని అడిగితే 'దేవత బిడ్డా' అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. 'చివరిసారి మీ ఇంటికి వచ్చినప్పుడు చేతిలో ఏముంది' అని అడుగు, అప్పుడు మాట దానంతటదే నడుస్తుంది.

ఆమె భక్తి గురించి రాసేటప్పుడు కూడా ఇదే పద్ధతి. శనివారం ఒక్కపొద్దు, భద్రకాళి గుడికి నడక, కాజీపేట దర్గాలో మలీద, ఇవన్నీ వరుసగా రాసుకుంటూ పోతే పట్టికలా ఉంటుంది. వాటిలో ఒకదాన్నే తీసుకొని దగ్గరగా చూపించు. నీకు ఆరేళ్ళప్పుడు కామెర్లు ముదిరి నువ్వు కళ్ళు తెరవని రాత్రి, ఆమె మేడారం వైపు తిరిగి సమ్మక్క తల్లికి నీ నిలువెత్తు బంగారం మొక్కుకుంది, అక్కడ బంగారమంటే బెల్లమే. మొక్కు తీర్చే జాతర నాటికి నువ్వు తూగిన తూకం పదహారు కిలోలు, ఆ బెల్లం కొనడానికి ఆమె చెవికమ్మలు కుదువ పెట్టింది. గద్దెల దగ్గర సమర్పించి తెచ్చిన ప్రసాదాన్ని వాడ మొత్తానికి పంచి, చివరికి గిన్నె అడుగున మిగిలిన పొడిని నీ నోట్లో వేసింది. ఆ కమ్మలు విడిపించడానికి రెండేళ్ళు పట్టింది. ఇదొక్కటి చాలు.

మీ నాన్నకు ఆమె చేసిన సేవను 'పతివ్రత' అన్న ఒక్క మాటతో ముగించవద్దు. పక్షవాతం వచ్చిన మొదటి ఏడాది రాత్రిపూట రెండు గంటలకోసారి లేచి ఆయనను పక్కకు తిప్పేది, అందుకే ఆయన వీపున ఒక్క పుండు పడలేదు. అదే మనిషి, ఆయన మందు మింగనని మొండికేస్తే వీధి చివరి దాకా వినిపించేటట్టు తిట్టేది. ఆ తిట్లు కూడా రాయి, నేను చెప్పానని రాయి. కోపం లేని చెల్లెలు నాకు ఎప్పుడూ లేదు. ఆయనను కూర్చోబెట్టి అడగాల్సింది నువ్వే. పొద్దున చాయ్ తాగిన తర్వాత మాట కొంచెం తేటగా వస్తుంది, ఒక వాక్యానికి పావుగంట పట్టినా మధ్యలో అందుకోవద్దు, ఆయన అన్నది అన్నట్టే రాసుకో.

మా ఇంటి సంగతి ఒకటి నేనే రాసి ఇస్తాను. ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళం ఒడిబియ్యం పోసినప్పుడు, ఆమె ఆ బియ్యంతో పరమాన్నం వండి చుట్టాలకు పెట్టడం అందరూ చేసేదే. మీ అమ్మ మాత్రం మొదటి విస్తరి వాకిట్లో బట్టలు ఉతికే అవ్వకు వేసేది. నేను పోసిన బియ్యం ఆమె తినడం నేను ఎక్కువగా చూడలేదు, వడ్డించడమే చూశాను.

ఫోటో విషయంలో స్టూడియోలో తీయించిన పెద్ద పటం వద్దు. వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ నాడు తీసినది ఒకటి ఉంది, చేతులకు గునుగుపూలకు అద్దిన రంగు అంటుకొని ఉంటుంది, అది వేయి. సంవత్సరీకం భోజనాల ఖర్చు తగ్గించుకొని, ఆ కుండలో బియ్యం మళ్ళీ మొదలుపెట్టమని నీ భార్యకు చెప్పు. పుస్తకం కంటే అది ముందు జరగాలి. పెత్రామాస నాడు పెద్దలకు ఇచ్చే బియ్యం కూడా అందులోంచే తీయండి.

ఆ సోల ప్రస్తుతం నా దగ్గర ఉంది, ఆమె పోయిన మూడోనాడు ఎవరికీ చెప్పకుండా నేనే తెచ్చుకున్నాను, క్షమించు. అమావాస్యకు ముందు రోజు వచ్చి తీసుకువెళ్ళు. అడుగున ఒక సొట్ట ఉంటుంది, దాన్ని సరిచేయించవద్దు. ఆమె కొలత ఆ సొట్టతోనే.

మీ పెద్దమామ